గ్యాస్ నొప్పే అనుకుని తెల్లారేదాకా ఆగొద్దు

ఛాతీ మీద బరువు పెట్టినట్టుంటే మన ఇళ్లలో ముందు గుర్తొచ్చేది గ్యాస్. ఈనో తాగుతారు, వాము నములుతారు, కాసేపు అటూ ఇటూ నడుస్తారు. ఇంట్లో ఇంకొకరుంటే పట్టిన చెమటలు చూసి కంగారుపడి ఆసుపత్రికి బయల్దేరదీస్తారు. ఒక్కరే ఉంటే కంగారుపడేవాళ్లూ ఉండరు. ‘ఇంత రాత్రివేళ పక్కింటివాళ్లనేం లేపుతాం, తెల్లారాక చూద్దాం’ అనుకుంటారు. ఈ మొహమాటమే చాలామంది ప్రాణాల మీదికి తెస్తోందని నా అభిప్రాయం.

అది గ్యాస్ కాక గుండెపోటై, గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం గడ్డతో పూర్తిగా మూసుకుపోతే అరగంట అటూ ఇటూగా కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. గడ్డను కరిగించే ఇంజక్షన్ ఎంత తొందరగా పడితే అంత మేలు. 12 గంటలు దాటితే దానివల్ల ఒరిగేది తక్కువ. ఖరీదైన ఆ ఇంజక్షన్‌ను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే స్టెమీ కార్యక్రమం 2023లో మొదలైంది. అర్ధరాత్రి కూడా ఈసీజీ తీసే ఏర్పాటు ప్రతి మండలంలో ఉండాలని ప్రభుత్వాలను నిలదీయాల్సిందే. కానీ రోగి కబురే చేయకపోతే ఏ ఏర్పాటూ అక్కరకు రాదు.

సినిమాల్లోలా గుండె పట్టుకుని కూలిపోవడం అందరికీ జరగదు. ఛాతీ మధ్యలో బిగపట్టినట్టుండి ఎడమ చేతికో, రెండు చేతులకో, దవడకో, వీపుకో పాకవచ్చు. ఊరికే చెమటలు పట్టడం, ఆయాసం, వికారం కూడా గుర్తులే. ఆడవాళ్లలో, వయసు మళ్లినవాళ్లలో, ఏళ్లతరబడి షుగరున్నవాళ్లలో నొప్పి అంతగా తెలియకపోవచ్చు. షుగరు నరాలను దెబ్బతీస్తే నొప్పి కబురు మెదడుకు సరిగా చేరదు. రోజూ ఎక్కే మెట్లకే ఊపిరి అందకపోయినా, ఎన్నడూ లేని నీరసం ఒక్కసారిగా కమ్మినా అనుమానించాలి. త్రేన్పు వచ్చింది కదా, గ్యాసేలే అని ధీమా పడకూడదు.

ఒంటరిగా ఉన్నప్పుడు గట్టిగా దగ్గుతూ ఉంటే బతికిపోతారన్న వాట్సాప్ సందేశం ఏళ్లుగా తిరుగుతూనే ఉంది. దాన్ని నమ్మొద్దు. 1976లో ఒక వైద్య పత్రికలో వచ్చిన పరిశీలన దానికి మూలం. అక్కడ రోగులు క్యాథ్‌ల్యాబ్‌లో, డాక్టర్ల కళ్ల ముందు ఉన్నారు. గుండె లయ తప్పిన క్షణాల్లోనే వాళ్లను దగ్గమన్నారు. గుండెపోటులో సాధారణంగా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, మూసుకుపోయింది నాళం. దగ్గితే అది తెరుచుకోదు. గుండే ఆగిపోతే కొన్ని సెకన్లలో స్పృహ తప్పుతుంది, దగ్గే అవకాశమే ఉండదు. ఆ దగ్గులో పోయేది ఫోన్ చేయాల్సిన సమయం.

ముందు 108 అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి. స్పీకర్ పెట్టి చిరునామా, గుర్తు చెప్పాలి. తర్వాత వీధి తలుపు గడియ తీసి, లైటు వేసి, గుమ్మం దగ్గరే గోడకు ఆనుకుని కూర్చోవాలి. తలుపు లోపల గడియపెట్టి ఉంటే వచ్చినవాళ్లు బయటే నిలబడిపోతారు. పక్కింటివాళ్లకూ ఫోన్ చేయాలి. ఆస్పిరిన్ పడనివాళ్లు, కడుపులో పుండో రక్తస్రావమో ఉన్నవాళ్లు, డాక్టరు వద్దన్నవాళ్లు తప్ప మిగతావాళ్లు 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగవచ్చు. ఇంట్లో ఉన్నవి 75 మిల్లీగ్రాముల బిళ్లలైతే నాలుగు. సార్బిట్రేట్ మాత్రం డాక్టరు మీకు రాసిస్తేనే వేసుకోవాలి, బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. సొంతంగా బండి నడపొద్దు, మెట్లు దిగొద్దు, స్నానానికో మరి దేనికో వెళ్లి బాత్రూం గడియ పెట్టుకోవద్దు.

పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, పెద్దవాళ్లు ఒక్కరే ఉంటున్న ఇళ్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. ఆ పిల్లలకు నా విన్నపం: ఈసారి ఫోన్‌లో ‘తిన్నావా అమ్మా’ అని అడిగాక, రెండో తాళంచెవి పక్కింట్లో ఇచ్చి ఉంచమని చెప్పండి. ఆ పక్కింటివాళ్ల నంబరు మీ దగ్గరా పెట్టుకోండి. ఎంత రాత్రయినా అమ్మ తలుపు తడితే ఏమీ అనుకోవద్దని వాళ్లతో మీరే మాట్లాడండి.