బైక్ ధర తగ్గింది సరే.. మిగిలిన 15 వేలు ఎటు పోతున్నాయి? 350 సీసీ గీత వెనక అసలు లెక్క ఇదీ!

వీకెండ్ వస్తే చాలు.. తెల్లారకముందే బైకులు ఊరు దాటేస్తున్నాయి. హైదరాబాద్ నుంచి అనంతగిరి, శ్రీశైలం.. విశాఖ నుంచి అరకు, లంబసింగి.. ఆఫీసు పని కాదు, చుట్టాలింటికి కాదు. బండి నడపడంలో ఉన్న మజా కోసమే ఈ ప్రయాణాలు. ఇలాంటి రైడర్ల లెక్కలన్నీ 2025 సెప్టెంబర్ 22న అమల్లోకి వచ్చిన కొత్త జీఎస్టీ రేట్లతో తారుమారయ్యాయి. 350 సీసీ దగ్గర ఓ గీత పడింది. గీతకు ఇటువైపున్న బైకులు చవకయ్యాయి, అటువైపున్నవి ప్రియమయ్యాయి. దీంతో ఏ బైక్ కొనాలన్న ప్రశ్నకు షోరూముల్లో ఒకటే జవాబు వినిపిస్తోంది.. "350 లోపు తీసుకోండి, లాభం". మరి ఆ లాభం నిజంగా రైడర్‌కు పనికొస్తోందా?

అసలేం మారింది?

అంతకుముందు 350 సీసీ వరకు ఉన్న బైకులపై 28 శాతం జీఎస్టీ ఉండేది. ఇప్పుడది 18 శాతం. 350 సీసీ దాటిన వాటిపై 28 శాతం జీఎస్టీకి తోడు 3 శాతం సెస్ కలిపి 31 శాతం పడేది. ఇప్పుడది ఏకంగా 40 శాతం.

రూపాయల్లో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. పాత పన్నుతో కలిపి ఎక్స్-షోరూం ధర 2 లక్షలున్న 350 సీసీ బైక్‌పై, తగ్గింపు మొత్తం కస్టమర్‌కు ఇస్తే, సుమారు 15,600 రూపాయలు మిగులుతాయి. అదే 3 లక్షలున్న పెద్ద బైక్‌పై పెరిగిన పన్నంతా కస్టమర్ మీదే వేస్తే సుమారు 20,600 అదనపు భారం. రాయల్ ఎన్‌ఫీల్డ్ అయితే తన 350 సీసీ మోడళ్లపై 22 వేల వరకు తగ్గింపు ప్రకటించింది.

ఇన్సూరెన్స్‌లోనూ ఇదే గీత ఉంది. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం కొత్త బైక్‌కు ఐదేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం.. 150 నుంచి 350 సీసీ వరకు 7,365 రూపాయలు. 350 దాటితే 15,117. అంటే రెట్టింపు కంటే ఎక్కువే. ఇవన్నీ కలిపి చూస్తే 350 లోపు కొనమనే సలహాలో తప్పేం లేదు. కానీ పన్ను తక్కువని కొన్న బైక్ మనకు సరిపోతుందన్న గ్యారంటీ కూడా లేదు.

సీసీ ఎక్కువైతే పవర్ ఎక్కువా? కాదు!

చాలామంది పొరబడేది ఇక్కడే. 155 సీసీ యమహా ఆర్15 పవర్ సుమారు 18 పీఎస్. 349 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ పవర్ సుమారు 20 పీఎస్. ఇంజిన్ సైజు రెట్టింపు కంటే ఎక్కువ, పవర్‌లో తేడా మాత్రం అంతంతే. ఇక 249 సీసీ కేటీఎం 250 డ్యూక్ అయితే 31 పీఎస్ ఇస్తుంది. సైజులో క్లాసిక్ కంటే 100 సీసీ చిన్నది, పవర్‌లో మాత్రం ఒకటిన్నర రెట్లు.

మరి క్లాసిక్‌లో ఏముంది? టార్క్. అంటే చక్రాన్ని తిప్పే బలం. క్లాసిక్‌లో 27 న్యూటన్ మీటర్లు, ఆర్15లో దాదాపు 14. పైగా క్లాసిక్‌లో ఆ బలం తక్కువ ఆర్‌పీఎంలోనే దొరుకుతుంది. అందుకే వెనక మనిషిని కూర్చోబెట్టుకుని, బ్యాగులు కట్టుకుని ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే మాటిమాటికీ గేర్లు మార్చే పని ఉండదు. ఆర్15 పవర్ అంతా పైనుంటుంది. ఇంజిన్‌ను గట్టిగా తిప్పితేనే దాని మజా. రెండూ మంచి బళ్లే. కానీ రెండిటి స్వభావం వేరు. నింపాదిగా చూసుకుంటూ వెళ్లే మనిషి రేసింగ్ పొజిషన్ బైక్ కొంటే 100 కిలోమీటర్లకే మణికట్లు, నడుము పట్టేస్తాయి. మలుపుల్లో హుషారుగా నడపాలనుకునే కుర్రాడు బరువైన క్రూజర్ కొంటే నెలకే బోర్ కొడుతుంది.

మన రోడ్లకు ఎంత పవర్ కావాలి?

కేంద్రం 2018లో నోటిఫై చేసిన పరిమితుల ప్రకారం నాలుగు లేన్ల హైవేపైనా మోటార్ సైకిల్ గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లే. ఊళ్లలో, మిగతా రోడ్లపై 60. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుపైకి టూవీలర్లకు అసలు అనుమతే లేదు. 80 స్పీడుతో రోజంతా హాయిగా వెళ్లడానికి 20 పీఎస్ బైక్ చాలు. సొంతూరు నుంచి 200 కిలోమీటర్లు వెళ్లి, టిఫిన్ చేసి, ఫొటోలు దిగి సాయంత్రానికి ఇంటికి చేరేవాళ్లకు 350 లోపు బైక్‌లో లోటేమీ కనిపించదు.

లడఖ్ లాంటి చోట్లకు లగేజీతో వెళ్లేవాళ్లు, ఏడాదికి నాలుగైదు లాంగ్ ట్రిప్పులు వేసేవాళ్ల సంగతి వేరు. ఎత్తయిన కొండల్లో ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఇంజిన్ పవర్ కూడా పడిపోతుంది. అలాంటప్పుడు 452 సీసీ, 40 పీఎస్ ఉన్న హిమాలయన్ లాంటి బండి చేతిలో ఉంటే ధీమా. వీళ్లకు 40 శాతం పన్ను కట్టడంలో అర్థముంది. వీధి చివర టీ కొట్టు దాకా వెళ్లొచ్చేవాళ్లకు మాత్రం అది దండగ ఖర్చే.

బ్రోచర్‌లో ముందు చూడాల్సింది ఇదీ..

ధర, పవర్, మైలేజ్.. అందరూ అడిగేవి ఇవే. సీటు ఎత్తు, బరువు గురించి అడిగేవాళ్లు తక్కువ. నిజానికి కొత్త రైడర్‌కు ముందు ముఖ్యమైనవి ఈ రెండే.

హంటర్ 350 సీటు ఎత్తు 790 మిల్లీమీటర్లు, బరువు 181 కిలోలు. క్లాసిక్ 350 సీటు 805 మిల్లీమీటర్లు, బరువు 195 కిలోలు. హిమాలయన్ 450 బరువు కూడా దాదాపు క్లాసిక్ అంతే. కానీ సీటు 825 మిల్లీమీటర్లు. కాగితం మీద 35 మిల్లీమీటర్ల తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ ఏటవాలు రోడ్డు మీద, కంకర మీద బండి ఆపినప్పుడు పాదం పూర్తిగా ఆనుతుందా, మునివేళ్లే ఆనుతున్నాయా అన్నది ఆ కాస్త తేడాతోనే తేలిపోతుంది. పాదం ఆనకపోతే 200 కిలోల బండిని ఒక కాలితో ఆపడం బలమైన మనిషికీ కష్టమే.

అందుకే టెస్ట్ రైడ్‌లో స్పీడ్ చూడటం కాదు.. బండిని యూటర్న్ తిప్పి చూడాలి, ఇంజిన్ ఆపి చేత్తో వెనక్కి తోసి చూడాలి. రోజూ వెనక కూర్చునే మనిషి ఉంటే వాళ్లనూ తీసుకెళ్లాలి. వెనక సీటు ఎలా ఉందో వాళ్లే చెప్పగలరు.

18 ఏళ్లు నిండితే చాలు.. ఏ బండైనా ఓకే!

మన దేశంలో గేర్ బైక్ లైసెన్స్ ఒకటే. 18 ఏళ్లు నిండి, 100 సీసీ బండి మీద టెస్ట్ పాసైనవాళ్లు మర్నాడే 650 సీసీ బండి నడపొచ్చు. చట్టం అడ్డు చెప్పదు. యూరప్‌లో అలా కాదు. మొదటి మెట్టు 125 సీసీ. ఆ తర్వాత 35 కిలోవాట్లకు మించని బండి, అంటే సుమారు 47 పీఎస్. ఆపైనే పెద్ద బళ్లు. అక్కడ చట్టం పెట్టిన మెట్లు ఇక్కడ కొనేవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లే పెట్టుకోవాలి. కొడుకు అడిగాడని మొదటి బండిగానే 40 పీఎస్ బైక్ కొనిచ్చే తల్లిదండ్రులు ఆలోచించాల్సిన విషయమిది.

వేగం లెక్క కూడా చూడండి. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఎదురుగా గేదె కనిపించి, చెయ్యి బ్రేక్ మీదకు వెళ్లేలోపు ఒక సెకను గడిచినా బండి 17 మీటర్లు దూసుకుపోతుంది. 100 మీద అయితే 28 మీటర్లు. ఆ తర్వాతే బ్రేక్ పని మొదలవుతుంది. వేగం రెట్టింపైతే బ్రేక్ పడ్డాక బండి ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లు అవుతుంది.

50,029.. ఈ నంబర్ గుర్తుపెట్టుకోండి

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వీళ్లలో దాదాపు 45 శాతం టూవీలర్లపై ఉన్నవాళ్లే. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. ఇవి కేంద్ర రవాణా శాఖ లెక్కలు.

హెల్మెట్ ఉంటే ఏమవుతుంది? అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2008 నాటి కోక్రేన్ సమీక్ష ప్రకారం మరణించే ముప్పు సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతుంది. అందుకే ధర తగ్గి మిగిలిన ఆ 15 వేలు ఎటు పోతున్నాయన్నది అసలు ప్రశ్న. అలాయ్ వీల్స్, సౌండ్ పెంచే సైలెన్సర్, స్టిక్కరింగ్.. మిగిలిన డబ్బు ఇలా కరిగిపోతే తగ్గింపు వచ్చినా రైడర్‌కు ఒరిగేది తక్కువే.

హెల్మెట్ కొనేటప్పుడు ఏం చూడాలి?

2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ మార్క్ లేని టూవీలర్ హెల్మెట్ తయారుచేయడం, అమ్మడం నేరం. రోడ్డు పక్కన 300కు దొరికే వాటిని నమ్మొద్దు. స్టిక్కర్ అంటించడం తేలికే. ఐఎస్ఐతో పాటు యూరప్ ప్రమాణం ఈసీఈ 22.06 కూడా పాసైన హెల్మెట్లు ఇప్పుడు మన దగ్గరే దొరుకుతున్నాయి.

తలను కాపాడేది పైన మెరిసే డొప్ప ఒక్కటే కాదు. లోపలున్న థర్మాకోల్ లాంటి పొర ముఖ్యం. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, ఆ అదురు తలకు చేరకుండా తను తీసుకుంటుంది. ఒకసారి నలిగితే మళ్లీ మామూలు కాదు. అందుకే ప్రమాదంలో గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయాల్సిందే.

సైజు చూడటమూ తేలికే. పెట్టుకుంటే బుగ్గలు కాస్త నొక్కినట్లుండాలి. హెల్మెట్ పట్టుకుని పక్కకు తిప్పితే చర్మం కూడా దానితో కదలాలి. స్ట్రాప్ కింద రెండు వేళ్లకు మించి పట్టకూడదు. స్ట్రాప్ పెట్టకపోతే ప్రమాదంలో హెల్మెట్ తలకంటే ముందే ఎగిరిపోతుంది.

మన ఎండల్లో జాకెట్టా?

చాలామంది అడిగే ప్రశ్నే ఇది. లెదర్ జాకెట్ మన మే నెలలో కష్టమే. అందుకే గాలి ఆడే మెష్ జాకెట్లు ఉన్నాయి. బండి కదిలినంతసేపూ ఒంటికి గాలి తగులుతూనే ఉంటుంది. లేబుల్‌పై ఈఎన్ 17092 అని ఉందేమో చూడాలి. అందులో ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని రోడ్డు మీద రాపిడికి తట్టుకునే స్థాయిలుంటాయి. భుజాలు, మోచేతుల దగ్గర పెట్టే ప్యాడ్లకు ఈఎన్ 1621 ప్రమాణం. ఇందులో లెవెల్ 2 అంటే ఎక్కువ రక్షణ. చాలా జాకెట్లలో వీపు దగ్గర ఉత్త ఫోమ్ ముక్కే ఉంటుంది. దాన్ని తీసి అసలు ప్యాడ్ వేయించుకోవాలి.

గ్లోవ్స్‌ను చాలామంది చివర్లో కొంటారు. కిందపడే మనిషి ముందు చాపేది చేతులే కాబట్టి హెల్మెట్ తర్వాత కొనాల్సింది ఇవే. అరచేతి దగ్గర గట్టి ప్యాడ్, మణికట్టు దగ్గర బిగించే పట్టీ ఉండాలి. కాళ్లకు చీలమండ కప్పే బూట్లు తప్పనిసరి. చెప్పులతో ఘాట్ రోడ్డెక్కే రైడర్లు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నారు.

ఖర్చు ఎంత? మోడల్‌ను బట్టి మారుతుంది కానీ.. సుమారుగా మంచి హెల్మెట్ 5 వేలు, మెష్ జాకెట్ 7 వేలు, గ్లోవ్స్ రెండున్నర వేలు అనుకుంటే మొత్తం 14,500. జీఎస్టీ తగ్గి మిగిలిన డబ్బులో సరిగ్గా సరిపోతుంది.

ప్రభుత్వం ఏం చేయాలనుకుంటోంది?

125 సీసీ దాటిన బైకులకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. గట్టిగా బ్రేక్ వేసినా చక్రం లాక్ అయి జారిపోకుండా చూసే వ్యవస్థ ఇది. దీన్ని చిన్న బళ్లకూ విస్తరించాలని, కొత్త బండితో రెండు హెల్మెట్లు ఇవ్వాలని 2025 జూన్‌లో కేంద్రం ముసాయిదా విడుదల చేసింది. నిజానికి బండితో హెల్మెట్ ఇవ్వాలన్న రూల్ ఇప్పటికే ఉంది. డెలివరీ రోజు గట్టిగా అడిగే కస్టమర్లే తక్కువ.

ఏబీఎస్‌లోనూ తేడాలున్నాయి. కొన్ని బైకుల్లో ముందు చక్రానికే ఉంటుంది. ఘాట్లలో, వానలో తిరిగేవాళ్లు రెండు చక్రాలకూ ఉన్న డ్యుయల్ చానెల్ బండి తీసుకోవడం మేలు.

బడ్జెట్ ఇలా వేసుకోండి

షోరూంకి వెళ్లేముందే చేతిలో ఉన్న మొత్తంలోంచి ముందు హెల్మెట్లు, గ్లోవ్స్, జాకెట్, బూట్ల డబ్బు పక్కన పెట్టాలి. వెనక కూర్చునేవాళ్లుంటే వాళ్ల హెల్మెట్ కూడా ఇందులోనే. ఆ తర్వాత ఇన్సూరెన్స్, లైఫ్ ట్యాక్స్. మిగిలిన దాంట్లో ఏ బైక్ వస్తుందో అది చూడాలి. ఈ లెక్కలో 2 లక్షల బండి కాస్తా లక్షా 80 వేల బండి అవ్వొచ్చు. అయినా పర్లేదు.

కొన్న తర్వాత మొదటి ట్రిప్ శ్రీశైలమైతే ఒక విషయం. నల్లమలలో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ మీదుగా వెళ్లే రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. చీకటి పడ్డాక చెక్‌పోస్ట్ చేరుకుందామని స్పీడ్ పెంచే బదులు, ఉదయం గేట్ తెరిచాక నెమ్మదిగా అడవిలోకి ప్రవేశించేలా ప్లాన్ చేసుకుంటే ఆ రోడ్డు మజా పూర్తిగా దక్కుతుంది.