ఆముదం వాసన వచ్చిన బాల్కనీ

గత నెల ఒక ఆదివారం ఉదయం కొండాపూర్‌లోని మా అపార్టుమెంటు వరండాలో నడుస్తుండగా ఆముదం కాలిన వాసన వచ్చింది. ఆసుపత్రి విధులు వదిలి చాలా ఏళ్లయినా వాసనలను పట్టించుకునే అలవాటు నన్ను వదలలేదు. తలుపు తట్టి చూస్తే, పొరుగింటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి బాల్కనీలో ఒక చెక్కపలకకు గుప్పిట్లో ఇమిడేంత ఇంజనును బిగించి, దాని ప్రొపెల్లరును చూపుడువేలితో తిప్పుతున్నాడు. అది నమూనా విమానపు ఇంజను, రెండున్నర సీసీ. కళాశాల రోజులలో ఎన్‌సీసీ వైమానిక విభాగంలో ఉన్న వాళ్ల నాన్నగారిది. ఆయన పోయి రెండేళ్లయింది. అటక మీది పెట్టెలో ఇప్పుడు బయటపడిందట. "ఒక్కసారి తిరిగితే చాలండి, డాక్టరుగారూ" అన్నాడు.

ఇంజను తిరగాలన్న కోరికతో నాకు పేచీ లేదు. నా పేచీ దాని పక్కనున్న సీసాతో. మంచినీళ్ల సీసాలో లేత గులాబీ రంగు ద్రవం, చూడటానికి అచ్చం షర్బత్తు. లోపల హాలులో నాలుగేళ్ల పాప ఆడుకుంటున్నది.

ఈ రకం ఇంజనుకు పెట్రోలు పోయరు. ఇంధనంలో అధికభాగం మిథనాల్, సుమారు ఐదోవంతు ఆముదం, కొన్నింటిలో కొద్దిగా నైట్రోమీథేన్. కల్తీసారా తాగినవారి చూపును, ప్రాణాన్ని తీసేది ఈ మిథనాలే. కాలేయం దానిని మొదట ఫార్మాల్డిహైడ్‌గా, ఆపైన ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. కంటి నరాన్ని దెబ్బతీసేది ఆ ఆమ్లం. పది మిల్లీలీటర్ల శుద్ధ మిథనాల్ చాలు, చూపు పోవడానికి. అంటే రెండు చిన్న చెంచాలు. నా హౌస్‌సర్జన్ కాలంలో ఒక రాత్రి కల్తీసారా బాధితులను వరుసగా తెచ్చారు. వారిలో ఒకడు "లైటు వేయండి సార్" అని అడుగుతూనే ఉన్నాడు. వార్డులో దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి.

మరో చిక్కు, లక్షణాలు వెంటనే కనబడవు. పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇరవైనాలుగు గంటలు పట్టవచ్చు. బిడ్డ హుషారుగానే ఉన్నదని ఇంట్లో కూర్చోరాదు. వాంతి చేయించరాదు. 108కు ఫోన్ చేసి, ఆ సీసాను వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లాలి. సమయానికి చేరితే విరుగుడు ఉన్నది, డయాలిసిస్ ఉన్నది.

ఇదంతా చెప్పగానే అతడి ముఖం పాలిపోయింది. "అయితే దీన్ని పారేస్తానండి" అన్నాడు. అక్కడ మాత్రం నేను ఒప్పుకోలేదు. ప్రమాదమనగానే వస్తువును పారేయడం, లేదా ప్రమాదమే లేదన్నట్టు బాల్కనీలో పెట్టుకోవడం: ఈ రెండే మార్గాలున్నట్టు మనవాళ్లు ప్రవర్తిస్తారు. బ్యాటరీతో ఎగిరే బొమ్మ కొనుక్కోవచ్చు గదా అని మీరు అడగవచ్చు. పిల్లలకైతే నేనూ అదే కొనమంటాను. కానీ పగలూ రాత్రీ తెర ముందు కూర్చుని, మెడనొప్పితోను, నిద్రలేమితోను నా దగ్గరకు వచ్చే ఈ ఐటీ ప్రాంతపు యువకులలో ఒకడు రెండు గంటలపాటు ఫోను ముట్టకుండా ఒక స్క్రూ మీద దృష్టి నిలపడం నేను కళ్లారా చూశాను. ఆ రెండు గంటలను పారేయమనడానికి నాకు మనసు రాలేదు.

నిజానికి ఆ ఇంజను చెడిపోలేదు, బిగుసుకుపోయింది. లోపల మిగిలిన ఆముదం ఏళ్ల తరబడి గాలి తగిలి వార్నిషులా గట్టిపడింది. పటకారుతో బలవంతంగా తిప్పితే లోపలి కడ్డీ వంగిపోతుంది, లేదా విరుగుతుంది. బిగుసుకున్న భుజానికి నేను చెప్పే వైద్యమే దీనికీ చెప్పాను: కాపడం, నూనె, ఓర్పు. జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో వెచ్చచేశాడు, ఇంధనం ఆనవాలు లేకుండా తుడిచిన తరువాతే సుమా. పలుచని నూనె నాలుగు చుక్కలు వేసి రాత్రంతా వదిలేశాడు. మూడోనాటికి పిస్టను కదిలింది. కాలిపోయిన గ్లో ప్లగ్గును మాత్రం మార్చవలసి వచ్చింది. దానిలోని సన్నని ప్లాటినం తీగను ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ ఎర్రగా కాలుస్తుంది. ఇంజను అందుకున్నాక బ్యాటరీ తీసేసినా మిథనాల్ ఆవిరి తగిలి ఆ తీగ కణకణలాడుతూనే ఉంటుంది.

అన్నట్టు, మా తరం వారికి తెలిసిన చిన్న డీజిల్ ఇంజనులకు ప్లగ్గే ఉండేది కాదు. వాటి ఇంధనం కిరోసిన్, ఆముదం, ఈథర్. శస్త్రచికిత్సలో మత్తుకు వాడిన ఈథరే. మత్తుకు క్లోరోఫారం ఎంత క్షేమమో తేల్చడానికి 1888లోను, 1889లోను నిజాం ఖర్చుతో పరిశోధన సంఘాలు కూర్చున్న ఊరు మన హైదరాబాదు. ఇంజనులోనైనా ఈథర్ గుణం మారదు. మూసిన గదిలో ఆ ఆవిరి తల తిప్పుతుంది, ఒక్క నిప్పురవ్వకు భగ్గుమంటుంది.

మిథనాల్ మంట పట్టపగలు కంటికి దాదాపు కనబడదు. ప్రొపెల్లరు నిమిషానికి పదివేల చుట్లకు పైగా తిరుగుతుంది. తెగిన వేళ్లకు కుట్లు వేసినవాడిగా చెబుతున్నాను, దానిని వేలితో తిప్పడం మగతనం కాదు. రబ్బరు తొడిగిన కర్రతో తిప్పాలి. తిరగడం మొదలైతే వెనక్కి జరగాలి, పక్కన నిలబడరాదు. కళ్లకు అద్దాలు, చెవులకు మూతలు, ఇంధనం పోసేటప్పుడు చేతికి తొడుగులు ఉండాలి. అన్నిటికంటే ముందు, బాల్కనీ పనికిరాదు.

1998లో సైబర్ టవర్స్ తెరిచిన రోజులలో ఈ చుట్టుపక్కల బండరాళ్లు, ఖాళీ నేల ఎంతైనా ఉండేవి. ఇప్పుడు శంకర్‌పల్లి వైపు చాలా దూరం పోవలసి వచ్చింది. నన్నూ రమ్మన్నారు, వాళ్ల అమ్మగారు కూడా వచ్చారు. పదిహేనోసారో ఇరవయ్యోసారో ఇంజను అందుకుని, అరనిమిషం కీచుమని అరచి ఆగిపోయింది. నీలిపొగ మా వైపు వచ్చింది. "ఈ వాసనకే ఆయనతో రోజూ పోట్లాడేదాన్ని" అన్నారు ఆమె, కొంగుతో ముక్కు మూసుకోకుండానే.

ఇంధనం ఇప్పుడు పేరు రాసిన అసలు డబ్బాలోనే, కింద పార్కింగులో తాళం వేసిన ఇనుపపెట్టెలో ఉన్నది. తాళంచెవి ఆమె దగ్గర ఉంటుంది.