సీబాను లెక్క అడిగేదెవరు?

అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలం కైలాసపట్నంలో ఒక క్రైస్తవ సంస్థ నడిపిన వసతి గృహంలో కలుషిత ఆహారం తిని పిల్లలు జబ్బుపడ్డారు. 2024 ఆగస్టు 19 నాటికి ముగ్గురు చనిపోయారు. ఇంకా ఎంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు. వారిలో చాలామంది మన్యం నుంచి వచ్చిన గిరిజన బిడ్డలు. ఆ వసతి గృహానికి అనుమతి లేదని అధికారులు తేల్చారు. పరామర్శలు, పరిహార ప్రకటనలు అయ్యాక వార్త మరుగున పడింది. కానీ అది లేవనెత్తిన ప్రశ్న సంఘాల ముందు అలాగే నిలిచి ఉంది. దేవుని పేరుతో నడిచే ఆశ్రమాన్ని లెక్క అడిగేదెవరు?

ఆ పిల్లలు కనీసం కడుపునొప్పి అని చెప్పగలిగారు. ఆ మాట కూడా చెప్పలేనివారు మన మధ్య ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో బుద్ధిమాంద్యం ఉన్నవారు 15 లక్షల పైమాటే. వారు పిల్లలుగా ఉన్నంతకాలం ప్రత్యేక పాఠశాల ఉంటుంది, తల్లి ఒడి ఉంటుంది. పద్దెనిమిదేళ్లు దాటితే బాలల చట్టం రక్షణ ఆగిపోతుంది. ఒంట్లో ఓపిక తగ్గిన తల్లిదండ్రులను పగలూ రాత్రీ తొలిచే బెంగ ఒక్కటే: మేం పోయాక వీడి గతేమిటి? ఆ బెంగతోనే ఎవరో చెప్పిన ఆశ్రమం తలుపు తడతారు. చేర్చుకున్నారన్న కృతజ్ఞతలో, లోపల ఎలా చూస్తారని అడగడానికి నోరు రాదు.

ప్రభుత్వ గృహమైతే భద్రం అనుకోవడానికీ లేదు. ఢిల్లీలోని రోహిణిలో బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం ప్రభుత్వమే నడిపే ఆశాకిరణ్‌లో 2024 జూలై ఒక్క నెలలోనే పది మందికి పైగా చనిపోయారు. సామర్థ్యానికి మించి జనాన్ని అందులో ఉంచారు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న మానసిక రోగుల షెడ్డుకు నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్నందున తప్పించుకోలేక 28 మంది కాలిపోయారు. మానసిక వ్యాధి వేరు, బుద్ధిమాంద్యం వేరు. కానీ మూసిన తలుపుల వెనుక జరిగేది ఒక్కటే. నోరులేని మనిషి, ప్రశ్నించే వారు లేని యాజమాన్యం.

చట్టం లేక కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం లేకుండా దివ్యాంగుల సంస్థను నడపకూడదు. తన సంరక్షణలో ఉన్న వికలాంగునికి తెలిసీ తిండి, నీరు అందకుండా చేస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు. హింస జరుగుతోందని అనుమానం ఉంటే ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు తెలియజేయవచ్చు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టరు ఉండే స్థానిక కమిటీ పద్దెనిమిదేళ్లు దాటినవారికి సంరక్షకుని నియమిస్తుంది. ఆ సంరక్షకుడు ఆస్తి వివరాలు, ఏటేటా లెక్కలు చూపించాలి. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. వాటిని అమలు చేయమని అడిగే గొంతులే తక్కువ.

ఈ విషయంలో రెండవ సమూయేలు గ్రంథం మనకు గట్టి పాఠమే చెబుతుంది. కుంటివాడైన మెఫీబోషెతును దావీదు తన బల్లదగ్గర కూర్చోబెట్టుకున్న సంగతి మన ప్రసంగాల్లో తరచూ వింటాం. ఆ కథ 9వ అధ్యాయంతో ముగియదు. మెఫీబోషెతు భూమిని సాగుచేసి ఆహారం సమకూర్చే పని రాజు సీబాకు అప్పగించాడు. 16వ అధ్యాయంలో సీబా యజమానిపై అబద్ధం చెప్పి ఆస్తినంతా తన పేర రాయించుకున్నాడు. రాజు అవతలి పక్షాన్ని విచారించలేదు. మెఫీబోషెతు తన మాట చెప్పుకునే అవకాశం 19వ అధ్యాయంలో గాని రాలేదు. రాజు దయ నిజమైనదే. సీబాపై నిఘా లేకపోవడంతో ఆ దయ దారి తప్పింది.

నేటి సంఘాలకు ఇది సూటిగా తగులుతుంది. క్రిస్మస్‌కు దుప్పట్లు, పుట్టినరోజుకు బిర్యానీ పొట్లాలు, ఆశ్రమంలో ఫొటోలు. ప్రేమతో చేసేవే. కానీ బయటి నుంచి వచ్చే భోజనం ఎప్పుడు వండారో, ఎవరు రుచి చూశారో అడగని ప్రేమ ప్రాణం తీయగలదని కైలాసపట్నం చూపించింది. "పరిచర్య కదా, అడిగితే ఏమనుకుంటారో" అనే మొహమాటం విశ్వాసం కాదు. నమ్మకంగా పనిచేసే కాపరికి, ఆయాకు లెక్క చూపడం భారం కాదు, అది వారికి రక్షణ.

కాబట్టి కానుక కవరు ఇచ్చే ముందు సంఘ పెద్దలు కొన్ని ప్రశ్నలు వేయాలి. రిజిస్ట్రేషన్ పత్రం గోడమీద ఉందా? రాత్రిపూట ఎంతమందికి ఒక సంరక్షకుడు ఉన్నాడు? ఆడవారి గదుల్లో ఆడవారే చూస్తున్నారా? మూర్ఛ మందులు వేసిన వేళలు రాసిపెడుతున్నారా? జబ్బు చేస్తే ఏ ఆసుపత్రికి, ఎంత సేపట్లో తీసుకువెళ్తారు? రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు రూ.6,000 అయింది. ఆశ్రమంలో ఉన్నవారి పింఛను ఎవరు తీసుకుంటున్నారు, ఎవరి కోసం ఖర్చవుతోంది? చెప్పకుండా వెళ్తే లోపలికి రానిస్తారా? చివరి ప్రశ్నకు జవాబు "కాదు" అయితే మిగతావి అడగనక్కరలేదు.

ప్రతి సంఘం ఇద్దరు ముగ్గురిని, వారిలో కనీసం ఒక స్త్రీని, ఇలాంటి గృహాన్ని నెలకోసారి చూసి రావడానికి నియమించాలి. వారు అక్కడున్న ప్రతివారినీ పేరుతో పిలవాలి, కూర్చుని కలిసి తినాలి, గత నెలకంటే ఎవరు చిక్కిపోయారో, ఎవరి ఒంటిమీద కొత్త గాయముందో గమనించాలి. అన్యాయం కనిపిస్తే, సంస్థ మనదైనా సరే, అధికారులకు చెప్పాలి. సువార్తకు చెడ్డపేరు వస్తుందని దాచిపెడితే, ఆ చెడ్డపేరు పోలీసుల ద్వారా, శవాలతో పాటు వస్తుంది.

మత్తయి 25లో ప్రభువు తనను ఎవరితో పోల్చుకున్నాడో మనకు తెలుసు. ఆయనకు ఆహారం పెట్టామా అన్నదే కాదు, ఏ ఆహారం పెట్టామన్నది కూడా ఆ రోజు లెక్కలోకి వస్తుంది.