మీ చెరువు నీరు ఎటు పోతోంది? తీరప్రాంత ఆక్వా చట్టం, చిన్న రైతు

"సముద్రం మా ఊరికి చాలా దూరం, తీరప్రాంత చట్టంతో మాకేం పని?" రొయ్యల చెరువులున్న రైతులు తరచూ అనే మాట ఇది. కానీ చట్టం సముద్రపు ఒడ్డు దగ్గరే ఆగిపోలేదు. 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం కింద చేసిన నిబంధనల ప్రకారం సముద్రానికే కాదు, నదులకూ ఉప్పుటేర్లకూ కూడా పోటు గీత నుంచి 2 కిలోమీటర్ల లోపు భూమి తీరప్రాంతమే. ఏటి వెంట ఈ హద్దు ఏడాది పొడవునా ఆటుపోట్లు తగిలి, లీటరు నీటిలో కనీసం 5 గ్రాముల ఉప్పు ఉన్నంత దూరం లోపలికి వస్తుంది. కాబట్టి మీరు చూసుకోవాల్సింది సముద్రం ఎంత దూరమని కాదు, పక్కనున్న ఏరు ఎంత ఉప్పగా ఉందని.

ఈ అథారిటీ కేంద్ర ప్రభుత్వ సంస్థ, కార్యాలయం చెన్నైలో ఉంది. ఇది ఎందుకు వచ్చిందో పాత రైతులకు గుర్తుండే ఉంటుంది. 1990ల మొదట్లో టైగర్ రొయ్య సాగు అడ్డూ అదుపూ లేకుండా పెరిగింది. 1994 నుంచి తెల్లమచ్చ వ్యాధి ఊళ్లకు ఊళ్లను దెబ్బతీసింది. తాగునీరు ఉప్పగా మారుతోందని, వరి పొలాలు చౌడు బారుతున్నాయని తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు ఎస్.జగన్నాథన్ వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు ఇచ్చింది. తీరప్రాంత నియంత్రణ మండలంలో సంప్రదాయ పద్ధతివి కాని చెరువులను తొలగించమంది, సాగును అదుపు చేసే సంస్థ కావాలంది. ఆ దారిలోనే 2005 చట్టం వచ్చింది.

2023లో ఏం మారింది?

రిజిస్ట్రేషన్ లేకుండా సాగు చేస్తే 3 ఏళ్ల వరకు జైలు అని పాత చట్టంలో ఉండేది. 2023 సవరణతో జైలు శిక్ష పోయి, జరిమానా మిగిలింది. ఇది సరైన పనే. కాగితం లేదని ఎకరం చెరువు రైతును జైల్లో పెట్టడం వల్ల ఏ ఏరూ బాగుపడదు. నియంత్రణ మండలంలో అసలు సాగు చేయవచ్చా లేదా అన్న పాత తికమకకూ ఈ సవరణ తెర దించింది. అయితే "చట్టం సడలించారు, ఇక అడిగేవాడు లేడు" అనుకుంటే పొరపాటు. సముద్రం ఒడ్డున నో డెవలప్‌మెంట్ జోన్‌లో, ఏర్ల పక్కన బఫర్ జోన్‌లో చెరువులకు ఇప్పటికీ వీల్లేదు. హేచరీల వంటి వాటికే మినహాయింపు. కాలుష్యానికి కారణమైన చెరువును, రైతు వాదన విన్న తర్వాత, తీసేయమని ఆదేశించే అధికారం అథారిటీకి ముందు నుంచీ ఉంది.

అసలు చిక్కు తూము దగ్గరే

వెనామీ సాగును 2009లో అనుమతించినప్పుడు పెట్టిన మార్గదర్శకాల్లో ముఖ్యమైనది ఒకటుంది. చెరువు ఎంత చిన్నదైనా వాడిన నీటిని శుద్ధి చేసే ఏర్పాటు ఉండాలి. పట్టుబడి నీటిని సెటిల్‌మెంట్ చెరువులో కనీసం 2 రోజులు నిలిపి, బురద పేరుకున్నాకే డ్రెయిన్‌లోకి వదలాలి. జబ్బు తగిలితే వల వేసే పట్టుకోవాలి, తూము ఎత్తకూడదు. ఆ నీటికి క్లోరిన్ పట్టించి, దాని ఘాటు పోయాకే బయటకు వదలాలి.

ఇది ఎంతమంది చేస్తున్నారో మీకే తెలుసు. ఎకరం కౌలుకు తీసుకున్న రైతు అందులో కొంత నీళ్లు నిలపడానికి వదిలేస్తే కౌలు డబ్బులు కూడా రావు. చెన్నైలో కూర్చున్న సంస్థ ప్రతి తూమునూ కాపలా కాయలేదు. కానీ లెక్క ఒకసారి చూడండి. ఒకే డ్రెయిన్ మీద పది ఎకరం చెరువులున్నాయంటే అది పదెకరాల పెద్ద చెరువుతో సమానం. పైవాడు రాత్రికి రాత్రి వదిలిన జబ్బు నీటినే కిందివాడు తెల్లారి మోటారు పెట్టి తోడుకుంటాడు. తెల్లమచ్చ ఊరంతా పాకడానికి ఇంతకన్నా దగ్గర దారి లేదు. చిన్న రైతులు ఒక్కొక్కరుగా చేయలేని చోట కలిసి ఉమ్మడి శుద్ధి చెరువు పెట్టుకోవచ్చు. అది కుదరని చోట కనీసం ఒకే డ్రెయిన్ మీది వాళ్లు సీడ్ వేసే వారం, నీరు వదిలే రోజు మాట్లాడుకోండి. జబ్బు వస్తే దాచకండి. దీనికి పెద్ద ఖర్చు లేదు, ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉండాలి. అదే కరువైందంటారా, నిజమే.

వరి రైతులకు కూడా ఈ చట్టంలో రక్షణ ఉంది. వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చకూడదు. పొలానికీ చెరువుకీ మధ్య నేల స్వభావాన్ని బట్టి 50 నుంచి 100 మీటర్లు, తాగునీటి వనరు నుంచి 100 మీటర్లు ఎడం ఉండాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. పక్క చెరువు నుంచి ఉప్పు ఊట వస్తోందనిపిస్తే గొడవకు దిగేముందు మట్టి పరీక్ష చేయించండి. ఈసీ విలువ ఏటేటా పెరుగుతోందని కాగితం మీద చూపితే కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి మీ ఫిర్యాదును తోసిపుచ్చడం కష్టం.

రిజిస్ట్రేషన్ లేని చెరువుల రైతులు మండల మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి దరఖాస్తు చేయండి. 2 హెక్టార్ల వరకు ఉన్న చెరువుల దరఖాస్తులు జిల్లా కమిటీ నుంచి నేరుగా అథారిటీకి వెళ్తాయి, రాష్ట్ర కమిటీ దాకా పోనక్కర్లేదు. కౌలుదారులు నోటిమాట మీద ఆగకుండా లీజు పత్రం రాయించుకోవాలి. రిజిస్ట్రేషన్ 5 ఏళ్లే చెల్లుతుంది. తీరప్రాంత హద్దుకు బయట ఉన్న చెరువులకు మన రాష్ట్రంలో 2020 నాటి ఆక్వాకల్చర్ డెవలప్‌మెంట్ అథారిటీ చట్టం వర్తిస్తుంది.

మందుల విషయంలో కూడా జాగ్రత్త. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు వంటి నిషేధిత యాంటీబయాటిక్స్ ఆనవాళ్లు దొరికితే కంటైనర్లు తిరిగొస్తాయి. యూరప్ దేశాలు 2016లో మన రొయ్యల తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచాయి. దుకాణదారు పేరు లేని సీసా చేతిలో పెడితే లేబుల్, బిల్లు రెండూ అడగండి. ఇవ్వనంటే కొనకండి.