కప్పు కాగితమే.. పూత మాత్రం ప్లాస్టిక్!

క్యాంటీన్‌లో టీ తాగాక పేపర్ కప్పును పారేయకుండా రాత్రంతా నీళ్లలో నానబెట్టి చింపి చూడండి. కాగితం గుజ్జులా విడిపోతుంది. లోపలి నుంచి పల్చటి పొర ఒకటి చేతికొస్తుంది. అది పాలీఇథిలీన్, అంటే ప్లాస్టికే. ప్యాకేజింగ్ పరిశ్రమలో ఇప్పుడు అసలు పోటీ ఈ పొర చుట్టూనే. దీని స్థానంలో మొక్కల నుంచి తీసిన పూత తేవాలని అందరి ప్రయత్నం.

మన దేశంలో 2022 జులై 1 నుంచి 19 రకాల సింగిల్ యూజ్ ప్లాస్టిక్ వస్తువులపై నిషేధం ఉంది. ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు పోయి పేపర్‌వి వచ్చాయి. వాటి లోపలి పూత జోలికి మాత్రం ఆ జాబితా వెళ్లలేదు. తమిళనాడు ఇంకో అడుగు ముందుకేసి ప్లాస్టిక్ పూత ఉన్న పేపర్ కప్పులనూ 2019లోనే ఆపేసింది. తయారీదారులు కోర్టుకెక్కినా, 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్నే సమర్థించింది. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో చెప్పిన లెక్క కూడా గుర్తుంచుకోండి: పేపర్ కప్పులో 85-90 డిగ్రీల వేడి ద్రవం 100 మి.లీ. పోసి 15 నిమిషాలు ఉంచితే సుమారు 25 వేల మైక్రోప్లాస్టిక్ రేణువులు అందులో కలుస్తాయి.

బయటి నుంచి ఒత్తిడి ఇంకా ఎక్కువ. నూనె పీల్చకుండా బర్గర్ కాగితాలకు, ప్లేట్లకు వాడే పీఫాస్ రసాయనాల అమ్మకం అమెరికాలో ఆగిపోయిందని అక్కడి ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. యూరోపియన్ యూనియన్ కొత్త ప్యాకేజింగ్ చట్టం ఆహార ప్యాకింగ్‌లో వీటికి కఠిన పరిమితులు పెట్టింది. అమలు తేదీ 2026 ఆగస్టు 12. అక్కడికి ఎగుమతి చేసే మన కంపెనీలకూ అదే రూలు.

మరి మొక్కల పూత వేసేస్తే సరిపోదా? అంత తేలికైతే ఈపాటికి అయిపోయేది. పిండిపదార్థం, సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్, బఠానీ ప్రొటీన్ లాంటివి నూనెను బాగానే ఆపుతాయి. నీళ్లు తగిలితే మాత్రం మెత్తబడతాయి. మైనం దీనికి పూర్తిగా రివర్స్. తామరాకు మీద నీటిబొట్టు నిలవనిది ఆ మైనం పొర వల్లే కదా! కానీ వేడి సాంబారు పోస్తే మైనం కరిగిపోవచ్చు. ఇంకో చిక్కుంది. కప్పు అంచుల్ని, అడుగుని అతికించేది జిగురు కాదు, ఆ ప్లాస్టిక్ పొరే. వేడి చేసి నొక్కితే అతుక్కుంటుంది. కొత్త పూత నీళ్లు ఆపాలి, నూనె ఆపాలి, ఉన్న మెషీన్ల మీదే అతుక్కోవాలి. ధర కూడా పెరగకూడదు. లండన్‌లోని నోట్‌ప్లా నాచు పూతతో 2022లో ఎర్త్‌షాట్ ప్రైజ్ గెలిచింది. కేంబ్రిడ్జిలో పుట్టిన జాంప్లా మొక్కల ప్రొటీన్ మీద పనిచేస్తోంది. నా అంచనాలో మొదట మారేది టేకవే డబ్బాలు, స్నాక్స్ రేపర్లే. వేడి టీ కప్పుకి టైమ్ పడుతుంది.

ఇక 'బయోడిగ్రేడబుల్' అన్న మాటను చూడగానే నమ్మేయకండి. మొక్కజొన్న నుంచి వచ్చే పీఎల్ఏ కూడా మొక్కలదే. అది కుళ్లాలంటే 58 డిగ్రీల దగ్గర నడిచే కంపోస్ట్ ప్లాంట్ కావాలి. మన డంపింగ్ యార్డులో ఆ వేడి ఎక్కడిది? ఏ వేడిలో, ఎన్ని రోజుల్లో అని అడిగితే చాలామంది సేల్స్‌వాళ్లు మాట మార్చేస్తారు!

ఇందులో ఉద్యోగం అంటే స్టార్టప్ పెట్టడమే కాదు. కెమికల్ వాళ్లకు పూత ఫార్ములేషన్, మెకానికల్ వాళ్లకు కోటింగ్, డ్రైయింగ్ లైన్లు, బయోటెక్ వాళ్లకు కుళ్లే పరీక్షలు ఉన్నాయి. నాణ్యత, రూల్స్ చూసే పోస్టులకు సైన్స్ డిగ్రీ వాళ్లూ ప్రయత్నించొచ్చు. భద్రాచలం దగ్గర సారపాకలో ఐటీసీ, రాజమహేంద్రవరంలో ఆంధ్రా పేపర్ మిల్లులు మన పక్కనే ఉన్నాయి. ఇంటర్న్‌షిప్ వెతికేటప్పుడు ఐటీ కంపెనీల తర్వాతైనా వీటి కెరియర్ పేజీలు చూడండి. పైచదువుకైతే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌కు హైదరాబాద్‌లో సెంటరుంది. రెండేళ్ల పీజీ డిప్లొమా ఈ సంస్థలో పేరున్న కోర్సు. గేట్ రాసేవాళ్లు ఐఐటీ రూర్కీ సహారన్‌పూర్ క్యాంపస్‌నూ జాబితాలో పెట్టుకోండి.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఇంకా తేలలేదా? కాబ్ టెస్ట్ చేయండి. తూచిన కాగితం మీద 60 సెకన్లు నీళ్లు నిలబెట్టి, అద్దుడు కాగితంతో అద్ది, మళ్లీ తూచడమే. చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల నీరు పీల్చిందో లెక్క తేలుతుంది. నూనెకు కిట్ టెస్ట్. ఒకటి నుంచి పన్నెండు దాకా నంబర్లుంటాయి, ఒకటో నంబరు అచ్చంగా ఆముదమే. గంజి పూత ఒకటి, దానిపై మైనం పూత ఒకటి వేసి, రెండు టెస్టుల అంకెలూ పక్కపక్కన పెట్టండి. ఇంటర్వ్యూలో ఆ టేబుల్ చూపించి మాట్లాడొచ్చు.