కంప్యూటరు మరమ్మతుకూ తెలుగు కావాలి

తెలుగు నిలవాలని కోరుకొనేటప్పుడు మనకు ముందుగా పాటలూ కథలూ పండుగలూ గుర్తుకు వస్తాయి. అవి కావలసినవే. అయితే ఇంట్లో ఒక వస్తువు చెడితే దానిని ఏ నుడిలో ఆలోచించి బాగుచేసుకొంటున్నామన్నది కూడా గమనించాలి. పనికి రాని నుడిని పిల్లలు ఎక్కువ కాలం మోయరు. ఈ మాటను ఒక చిన్న యూఎస్‌బీ వైఫై అడాప్టరును ఆధారం చేసుకొని చెప్పదలచాను.

2011లో తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచితంగా ల్యాప్‌టాప్‌లు పంచడం మొదలుపెట్టింది. తొలి విడతలలో వచ్చిన వాటిలో విండోసుతో పాటు బాస్ లినక్స్ కూడా ఉండేది. దానిని సీడాక్ సంస్థ డెబియన్ ఆధారంగా మన దేశ భాషల కోసం రూపొందించింది. అటువంటి పాత యంత్రాలలో లోపలి వైఫై ఆగిపోతే యంత్రాన్నే మూలన పడవేయనక్కరలేదు. బొటనవేలంత అడాప్టరును తగిలిస్తే సరిపోతుంది. కాని లినక్స్‌లో అది పనిచేయాలంటే కొన్ని సంగతులు తెలియాలి.

అడాప్టరు మాట యంత్రానికి నేరుగా అర్థం కాదు. నడుమ ఒక దుబాసి ఉండాలి. ఆ దుబాసినే డ్రైవరు అంటారు. ఏ దుబాసి కావాలో తేల్చేది పెట్టె మీది పేరు కాదు, లోపలి చిప్పు. టీపీ లింక్ వారి డబ్ల్యూఎన్ 722ఎన్ అనే అడాప్టరునే చూడండి. దాని మొదటి కూర్పులో అథెరాస్ చిప్పు ఉండేది, రెండవ కూర్పులో రియల్‌టెక్ చిప్పు వచ్చింది. పేరు ఒక్కటే, దుబాసులు వేరు. ఒకరి ఇంట్లో పనిచేసిన అడాప్టరు పొరుగింట్లో మొరాయించడానికి ఇదొక కారణం.

చిప్పును కనుగొనడం కష్టం కాదు. టెర్మినల్ తెరిచి ఎల్, ఎస్, యూ, ఎస్, బీ అనే అయిదు ఆంగ్ల చిన్న అక్షరాలను కలిపి కొట్టాలి. అడాప్టరు తగిలించక ముందొకసారి, తగిలించాక మరొకసారి చూస్తే కొత్తగా చేరిన వరుసే దానిది. అందులో కోలన్ గుర్తుకు ఇరువైపులా నాలుగేసి గుర్తుల సంఖ్యలు రెండుంటాయి. మొదటిది తయారీదారుది, రెండవది వస్తువుది. ఆ రెంటినీ పట్టుకొని వెదికితే డ్రైవరు పేరు తెలుస్తుంది.

చాలా డ్రైవర్లు లినక్స్‌కు గుండెకాయ వంటి కెర్నెల్‌లోనే ఉంటాయి. పలు రియల్‌టెక్ చిప్పులకు పనికివచ్చే ఒక డ్రైవరు 2016 జనవరిలో వెలువడిన లినక్స్ 4.4లో చేరింది. 2011 నాటి కెర్నెల్ దానిని ఎరుగదు. కాబట్టి పాత యంత్రంలో కొత్త అడాప్టరు పెట్టేవారు ముందు వ్యవస్థను కొత్తదానికి మార్చుకోవడం మేలు. డ్రైవరు ఉన్నా కొన్ని చిప్పులకు ఫర్మ్‌వేరు అనే మరొక ఫైలు కావాలి. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుండి దానిని స్థాపక ప్రతిలోనే చేర్చి ఇస్తున్నారు. పాతవాటిలో విడిగా తెచ్చుకోవాలి. ఇంటర్నెట్టు లేకుండా తెచ్చుకొనేదెలాగంటారా? ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి దాని ఇంటర్నెట్టును పంచుకోవచ్చు.

ఇందులో బ్రహ్మవిద్య ఏదీ లేదు. అయినా ఈ నాలుగు మాటలు తెలుగులో దొరకడం అరుదు. ఆదేశాలు ఎలాగూ ఆంగ్లంలోనే ఉంటాయి కదా, వివరణ తెలుగులో ఎందుకని కొందరు అడుగుతారు. ఆదేశం కొన్ని అక్షరాలే, దానిని ఎవరైనా చూసి కొట్టగలరు. అది ఎందుకు కొట్టాలో, కొట్టాక ఏమి చూడాలో, తప్పితే తరువాతి దారేదో తెలియడమే అసలు చదువు. ఆ చదువు ఇంటి నుడిలో అయితేనే మనసుకెక్కుతుంది.

సరిహద్దు ఇళ్లకు ఇది మరింత అవసరం. 2006 నాటి చట్టంతో తమిళనాడు బడులలో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. 2006-07లో ఒకటవ తరగతితో మొదలుపెట్టి ఏటేటా పై తరగతులకు విస్తరించారు. తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవలేని పిల్లలు మా కెలమంగలంలోనూ ఉన్నారు. మా ఇంటి యంత్రానికి అడాప్టరు అమర్చినప్పుడు ఈ వరుసనంతా నేను తెలుగులో ఒక కాగితం మీద రాసిపెట్టాను. నేను చదువుతుంటే పిల్లలు చేశారు. రెండవసారి అవసరం పడినప్పుడు కూడబలుక్కొని వారే చదువుకొన్నారు. అక్షరాలు దిద్దమంటే దిద్దని పిల్లలు వైఫై కోసం దిద్దుతారని నాకు అర్థమైంది.

అందుకే తెలుగు కుటుంబాలకు నా మనవి ఇది. లినక్స్‌లో గ్నోమ్, కేడీఈ తెరలకు తెలుగు అనువాదాలున్నాయి. కొన్ని మాటలు ఆంగ్లంలోనే మిగిలినా సరే, ఇంటి యంత్రాన్ని తెలుగులోకి మార్చండి. ఏ అడాప్టరు, ఏ చిప్పు సంఖ్య, ఏ మెట్టు దగ్గర పని జరిగిందో తెలుగులో ఒక నోటుపుస్తకంలో రాయండి, పొరుగువారికి ఇవ్వండి. ఇందుకు ఏ ప్రభుత్వ ఉత్తరువూ అక్కరలేదు. బడిలో తెలుగు కోసం అడుగుతూనే ఉందాం. ఆ లోపు మన పనులను మన నుడిలో రాసుకోవడానికి మనకు అడ్డు ఎవరు?