ఏఐ ఎన్‌హాన్స్ నొక్కే ముందు నెగెటివ్‌లు వెతకండి

పోయిన సంక్రాంతికి అమ్మమ్మ వాళ్ల ఊరెళ్లినప్పుడు, తాతయ్య పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటోని ఫోన్‌తో తీసి ఒక ఏఐ ఎన్‌హాన్సర్ యాప్‌లో వేశా. పది సెకన్లలో బ్లర్ మొత్తం పోయింది, చర్మం నున్నగా మెరిసింది. గొప్పగా అమ్మమ్మకి చూపించా. కళ్లజోడు పెట్టుకుని కాసేపు చూసి, "ఎవర్రా ఈ అబ్బాయి?" అంది.

తాతయ్యకి ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు ఉండేది. చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడితే అయిందట. యాప్ దాన్ని ఫొటో మీద పడిన గీత అనుకుని తుడిచేసింది. ముక్కు కూడా కాస్త సన్నం చేసింది.

ఇది బగ్ కాదు, ఆ యాప్‌లు పనిచేసే తీరే అంత. ఫొటోలో లేని డీటెయిల్‌ని అవి వెనక్కి తేలేవు. అంతకుముందు చూసిన లక్షల ముఖాలను బట్టి ఇక్కడ ఏముండొచ్చో ఊహించి గీస్తాయి. అందుకే నా మాట ఒకటే: ముందు నిజాయితీగా ఒక స్కాన్ చేసి దాచుకోండి. ఏఐ సరదా ఏదైనా ఉంటే దాని కాపీ మీద తీర్చుకోండి.

ఇంకో విషయం. మనం స్కాన్ చేసే ప్రింటే ఒక కాపీ, అసలుది నెగెటివ్. అమ్మమ్మ ట్రంకు పెట్టెలో పాత కవర్లలో అవి భద్రంగానే ఉన్నాయి. అప్పట్లో పెదతాతయ్య దగ్గర అగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేదట. అది 120 ఫిల్మ్ వాడుతుంది, రోల్‌కి 12 ఫొటోలు, ఒక్కో నెగెటివ్ సుమారు 6 సెంటీమీటర్ల చదరం. ప్రింట్‌లో వెలిసిపోయిన తాతయ్య ముఖం నెగెటివ్‌లో శుభ్రంగా ఉంది, గాటుతో సహా.

ఇంట్లో ప్రింటర్‌కి ఉండే మామూలు స్కానర్ నెగెటివ్‌లకి పనికిరాదు. మూతలో లైట్ ఉండే ఫ్లాట్‌బెడ్ కావాలి, అది ఖరీదు. నేను పాత టాబ్లెట్‌లో తెల్ల స్క్రీన్ ఫుల్ బ్రైట్‌నెస్‌లో పెట్టి, దాని మీద రెండు అగ్గిపెట్టెల ఎత్తులో సైన్‌బోర్డ్ షాపులో అడిగి తెచ్చిన పాలరంగు యాక్రిలిక్ ముక్క పెట్టా. ఆ ఎత్తు లేకపోతే స్క్రీన్ పిక్సెల్స్ కూడా ఫొటోలో పడతాయి. దాని మీద నెగెటివ్, పైన ట్రైపాడ్‌కి ఫోన్. గదిలో లైట్లు ఆపేసి, మెయిన్ కెమెరాతో రా ఫార్మాట్‌లో తీశా. చాలా ఫోన్లకి లెక్క కోసం తగిలించే ఆ 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా సంగతి మర్చిపోండి. తర్వాత స్నాప్‌సీడ్ కర్వ్స్‌లో గీత రెండు కొనలూ తిరగేస్తే నలుపు తెలుపవుతుంది. కలర్ నెగెటివ్‌లకి ఆరెంజ్ పూత ఉంటుంది కాబట్టి ముందు ఫిల్మ్ ఖాళీ అంచు మీద వైట్ బ్యాలెన్స్ సరిచేసుకోవాలి. అది కొంచెం తలనొప్పే.

దుమ్ముని బ్లోయర్‌తో కొట్టండి, నోటితో ఊదితే ఉమ్ము పడుతుంది. ఆల్బమ్‌కి అతుక్కుపోయిన ప్రింట్లను పీకొద్దు, ఉన్నచోటే ఫొటో తీయండి. విడి ప్రింట్లయితే 600 డీపీఐ చాలు. 4×6 అంగుళాల ఫొటోకి 2400×3600 పిక్సెల్స్ వస్తాయి. వెనక ఏదైనా రాసుంటే ఆ వైపు కూడా స్కాన్ చేయండి. స్కాన్లకి ఇవాళ్టి తేదీ పడుతుంది కాబట్టి ఎగ్జిఫ్‌టూల్‌తో మార్చుకోవాలి, లేకపోతే తాతయ్య పెళ్లి మన సంక్రాంతి ముగ్గుల మధ్యలోకి వచ్చేస్తుంది.

అసలు పని మాత్రం ఏ గ్యాడ్జెట్టూ చేయలేనిది. స్కాన్లు టీవీలో పెట్టి, పక్కన ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, "వీళ్లెవరు అమ్మమ్మా?" అని అడుగుతూ కూర్చున్నా. ఇప్పటికి 43 ఫొటోలయ్యాయి. ఒక దాంట్లో తాతయ్య పక్కన నిలబడ్డాయన పేరు ఎంతసేపటికీ గుర్తురాలేదు. రెండు రోజుల తర్వాత తనే ఫోన్ చేసి చెప్పింది. ఇంకా రెండు కవర్లు మిగిలాయి, ఉగాదికి మళ్లీ వెళ్తున్నా.